దొంతి దగ్గర కూర్చునే మనిషి

నేను రెండుసార్లు రిటైరయ్యాను. మొదటిసారి ఆఫీసువాళ్ళు దండ వేసి, శాలువా కప్పి, ఆటో ఎక్కించారు. రెండోసారి దండా లేదు, శాలువా లేదు. నర్సరీ ఫోన్లు నా నంబరుకు రావడం ఆపేయించుకుని, ఛార్జర్ చుట్టి సొరుగులో పెట్టేశాను. చెప్పుకోదగ్గ సంగతులు మాత్రం రెండో ఉద్యోగంలోనే ఎక్కువ జరిగాయి. ఇంట్లో కూర్చుని ఎక్కడి పనో చేసే పిల్లలు మా వీధిలోనే నలుగురైదుగురున్నారు. ఇది వాళ్ళకు పనికొస్తుందో లేదో తెలియదు. చెప్పుకుంటే నాకు కాస్త బరువు తగ్గుతుంది, అందుకని చెబుతున్నాను.

మొదటి ఉద్యోగం ఖమ్మంలో ఒక సర్కారు ఆఫీసులో. టైపిస్టుగా చేరి సూపరింటెండెంటుగా దిగాను. ఎక్కువ కాలం ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లోనే గడిచింది. ఎవరు ఏ సీట్లో ఉన్నారు, ఎవరు సెలవులో ఉన్నారు, ఏ పోస్టు అవసరం, ఏది దండగ, ఇదంతా నా ఫైళ్ళలో ఉండేది. పని లేకుండా కుర్చీని అంటిపెట్టుకున్న మనిషిని గుమ్మంలోంచే పసిగడతానని నాకు పేరు. ఆ పేరంటే గర్వం కూడా ఉండేది. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ గర్వం చేసిన నిర్వాకం.

రిటైరైన ఏడాదికి మా పాత స్నేహితురాలు ఒకామెను నా దగ్గరికి పంపింది. నలభై ఏళ్ళుంటాయి. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన రైతు కుటుంబం. ములకలపల్లి అవతల, అడవి అంచున పొలం కొన్నారు. భర్త వరి, పామాయిల్ చూసుకుంటాడు. ఆమె మిర్చి నారు పెంచే నర్సరీ పెట్టింది. రైతులు తమ విత్తనం ప్యాకెట్లు తెచ్చి ఆమెకు అప్పజెబుతారు. ఆమె ట్రేలలో కొబ్బరిపొట్టు నింపి, గుంటకో గింజ వేసి, నలభై రోజులు పెంచి మొక్కలు చేతికిస్తుంది. సీజనొస్తే ఫోను ఆగదు. చేతినిండా మట్టి, చెవి దగ్గర ఫోను, రెండూ ఒక్క మనిషి వల్ల కావడం లేదని ఆమె గోడు.

"మీరు అంత దూరం రానక్కర్లేదు ఆంటీ. ఖమ్మంలోనే ఉండి ఫోన్లు తీసుకోండి. ఎవరి విత్తనం ఎప్పుడొచ్చింది, గింజ ఎప్పుడు పొయ్యాలి, ఎవరికి ఎప్పుడివ్వాలి, ఆ లిస్టు మీరు చూసుకుంటే చాలండి. మట్టి పని నేను చూసుకుంటాను" అంది.

కాలికి మట్టంటకుండా వ్యవసాయం! నాకు భలే ఉత్సాహం వచ్చింది. మా ఇంట్లో ఎప్పుడూ కుండీలో మందారం తప్ప పెంచినవాళ్ళు లేరు. మా నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు, మా ఆయన టీచరు. మిరపకాయ కూరలోకి ఎలా వస్తుందో తెలుసుగాని, చేలోకి ఎలా వస్తుందో నాకు తెలియదు.

నర్సరీలో సిగ్నల్ రాదు. అర కిలోమీటరు నడిచి రోడ్డు మలుపు దగ్గరికొస్తేగాని ఫోను పలకదు. అందుకని నర్సరీ నంబరుకొచ్చే ఫోన్లన్నీ నాకు మళ్ళించారు. యజమానురాలు రోజూ ఉదయం పదింటికి షెడ్డంతా తిరిగి ఫోటోలు తీసేది. తర్వాత మలుపు దగ్గరికొచ్చి అవి నాకు పంపి, నేను రాసిపెట్టిన సందేశాలు చదువుకుని, మాట్లాడాల్సింది మాట్లాడి వెనక్కి వెళ్ళేది. నేను ఖమ్మంలో డైనింగ్ టేబులు మీద లాప్‌టాప్ తెరిచి, ఏ ట్రేలో ఎవరి నారు ఉందో రంగురంగుల గడుల్లో నింపేదాన్ని. ఆదివారం ఆరాధనకు వెళ్ళినప్పుడు మాత్రం ఫోను ఇంట్లో పెట్టేదాన్ని. కొన్నాళ్ళకు రైతులకు అదీ అలవాటైంది.

రైతులందరూ నేను నర్సరీలోనే ఉంటాననుకునేవాళ్ళు. "అమ్మా, అక్కడ వాన పడ్తున్నదా?" అని బూర్గంపాడు నుంచి ఒకాయన అడిగితే, నేను కిటికీలోంచి తొంగి చూసి "లేదన్నా, పొడిగానే ఉంది" అన్నాను. ఆయన నా మాట నమ్మి బయల్దేరి దారంతా తడిశాడు. ఆ తర్వాత ఆకాశం గురించి ఎవరడిగినా "కనుక్కుని చెప్తా" అనడం నేర్చుకున్నాను. ఆకాశం విషయంలో వచ్చిన ఆ బుద్ధి మిగతా విషయాల్లో రాలేదు.

చూడని చోటు మీద మనసుపడటం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. పొద్దున ఫోటోలు వచ్చాయంటే టీ చల్లారిపోయేది. పెద్దవి చేసుకుని మరీ చూసేదాన్ని. ఆ నల్ల వల ఎందుకు? ఎండను సగం ఆపడానికి. ఆ పసుపు అట్టలు ఎందుకు వేలాడుతున్నాయి? పురుగులు అంటుకోవడానికి. ఫోన్లో మీ వెనకాల 'కుకుక్' అంటున్న పిట్టేమిటి? జెముడుకాకి. పని చేసే ఆడవాళ్ళు తమలో తాము మాట్లాడుకునేది ఏం భాష? కోయ భాష. యజమానురాలు ఓపిగ్గా అన్నింటికీ జవాబు చెప్పేది. ఒక్కోసారి నవ్వి "మీరు మా ఆడిటర్ కంటే ఎక్కువ అడుగుతున్నారండి" అనేది. అన్ని అడిగినదాన్ని, అసలు అడగాల్సిన ప్రశ్న మాత్రం అడగలేదు.

ఆ ఫోటోల్లో ఒక మనిషి ఉండేది. షెడ్డు పక్కన చిన్న గదిలో, గింజలు వేసిన ట్రేలను ఒకదాని మీద ఒకటి దొంతిగా పేర్చి పైన టార్పాలిన్ కప్పుతారు. మొలక వచ్చేదాకా అవి చీకట్లో, వెచ్చగా ఉండాలి. మొలక తల ఎత్తగానే దొంతి విప్పి, ట్రేలను వెలుగులో పరచాలి. ఆ దొంతి పక్కన, గోడకు ఆనుకుని, యాభై ఐదేళ్ళ మనిషి ఒకామె కూర్చుని ఉండేది. సోమవారం ఫోటోలో కూర్చుని ఉంది. మంగళవారం కూర్చుని ఉంది. తక్కినవాళ్ళు ట్రేలు నింపుతూ, మోస్తూ, నీళ్ళు కొడుతూ ఉంటే ఈమె ఒక చెయ్యి టార్పాలిన్ కిందికి పెట్టుకుని, కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చునేది. రెండు వారాల ఫోటోలు వరసగా పెట్టి చూశాను. ఒక్కదాంట్లోనూ లేచి లేదు.

నాలోని ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ నిద్ర లేచింది.

"ఆ దొంతుల దగ్గర కూర్చునే ఆమె పనేంటమ్మా?" అని అడిగాను. అడిగానుగాని, నా మనసులో జవాబు ముందే ఉంది.

"నర్సరీ పెట్టినప్పట్నుంచీ ఉందండి. ఎలుకలు రాకుండా కూర్చుంటుందనుకుంటా. ఎలుకలు మిర్చి గింజలు తినేస్తాయండి."

"మొన్న గదికంతా ఇనప జాలీ కొట్టించినవ్ గదా?"

"కొట్టించానండి."

"ఇంక ఎలుకలెక్కడివి?"

ఆమె "అవునండి" అంది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. నేను రాతపూర్వకంగా కూడా పంపాను. 'జాలీ ఏర్పాటు అయినందున సదరు మనిషి సేవలు అవసరం లేదు' అని, అచ్చం ఆఫీసు భాషలో. పోసిన రోజు నుంచి ఆరో రోజు ఉదయం దొంతి విప్పాలని ఒక చార్టు కూడా తయారు చేసి ఇచ్చాను. ఆరు ఎక్కడిది అంటారా? అంతకుముందు నెలన్నర లిస్టులు చూస్తే ఎక్కువసార్లు ఆరో రోజే విప్పారు. ఆరో రోజే విప్పమని ఎవరు చెబుతున్నారో నేను ఆలోచించలేదు.

యజమానురాలు ఆమెతో "రేపట్నుంచి వద్దులే" అని చెప్పిందట. ఆమె ఎందుకని అడగలేదట. సద్ది గిన్నె సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయిందట. ఆ సంగతి విన్నప్పుడు నాకు కలిగింది తృప్తి. ఇవాళ రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం.

ఆ తర్వాత రెండు దఫాలు చార్టు ప్రకారమే దొంతులు విప్పారు. ముసురు పట్టి చల్లగా ఉన్న రోజులవి. మొలకలు చక్కగా వచ్చాయి. "మీ చార్టు భలే పనిచేస్తోందండి ఆంటీ" అంది యజమానురాలు. నేను ఆ వారమంతా గాల్లో తేలాను. కాకతాళీయంగా కలిసొచ్చినదాన్ని తెలివి అనుకోవడం మనిషికి ఎంత తేలికో చూడండి.

మూడో దఫాలో ఏన్కూరు రైతు ఒకాయన విత్తనం ఉంది. ఆయన కౌలు రైతు. ఎక్కడెక్కడో తిరిగి, తనకు కావాల్సిన రకం దొరకబుచ్చుకుని తెచ్చాడు. ఇచ్చేటప్పుడే ఫోన్లో నాతో అన్నాడు. "అక్కా, గీ రకం దుకాణాల్ల అయిపోయింది. ఉన్నదంత గిదే. ఇది వోతే నాకు ఈ ఏడు మిర్చి లేదు. కౌలు చేను బీడే."

"మీరేం ఫికర్ పడకండి. అంతా లిస్ట్ ప్రకారం అయితది" అన్నాను.

ఆ దఫా గింజలు పోసిన మర్నాడే ముసురు విడిచింది. ఎండ కాసింది. నేల తడి, పైన ఎండ, గాలి కదలని ఉక్క. ఖమ్మంలో నేను ఫ్యాన్ కింద కూడా చెమటలు కక్కుతూ విసుక్కున్నాను. అదే ఉక్క ఆ టార్పాలిన్ కింద ఏం చేస్తుందోనని మాత్రం నాకు తట్టలేదు. నా చార్టులో ఆరో రోజు ఇంకా రాలేదు మరి.

ఆరో రోజు ఉదయం ఫోటోల కంటే ముందే ఫోను వచ్చింది. యజమానురాలు రోడ్డు మీదికి పరుగెత్తుకుంటూ వచ్చినట్టుంది, ఊపిరి ఆడటం లేదు.

"ఆంటీ, దొంతి విప్పామండి. ఎప్పుడో మొలిచేసింది. చీకట్లో తెల్లగా, దారాల్లాగా సాగిపోయింది. తలెత్తలేక ట్రేల మీద వాలిపోయిందండి."

"ఎవరిది?"

అడగక్కర్లేదని నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. కొత్తగూడెంలో మారి ములకలపల్లిలో దిగి, ఆటోలో నర్సరీకి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇన్నాళ్ళూ ఫోటోల్లో చూసిన చోటు. ఇంకో రోజైతే ప్రతిదాన్నీ ముట్టుకుని చూసేదాన్ని. ఆ రోజు ట్రేల వైపు చూడటానికే ధైర్యం చాలలేదు. తెల్లటి సన్నటి కాడలు, చివర రెండేసి చిట్టి ఆకులు, అన్నీ ఒకే పక్కకు ఒరిగి ఉన్నాయి.

"రైతుకు చెప్పినవా?"

"నిన్న సాయంత్రం వచ్చారండి. ఎట్లా అయిందని ఒక్కసారి అడిగారు." ఆమె నా మొహం చూడకుండా అంది. "దొంతి దగ్గరుండే మనిషి పని మానేసింది, అందుకే ఇట్లా అయిందని చెప్పానండి. ఖమ్మంలో కూర్చున్న మేడమ్ చార్టు ఇచ్చారని, మేం దాన్ని నమ్ముకున్నామని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

నన్ను కాపాడటానికే ఆమె ఆ మాట అంది. పని మానేసిందట! మాన్పించింది నేను.

దొంతి దగ్గర మనిషి కోసం ఆమె ఊరికి వెళ్తే ఇంట్లో లేదు. వరి నాట్లకు పోయిందన్నారు. యజమానురాలు, నేను చెప్పులు చేత పట్టుకుని గట్టు మీద నడిచాం. పది మంది ఆడవాళ్ళు మడిలో వంగి నాటుతున్నారు. ఫోటోల్లో ఎప్పుడూ కూర్చుని కనబడ్డ మనిషి అందరికంటే జోరుగా నాటుతోంది. నాటేవాళ్ళు వెనక్కి నడుస్తారని కూడా నాకు అప్పుడే తెలిసింది. ఒక్కో మాటకు ఆమె మాకు ఒక్కో అడుగు దూరమవుతోంది. మేం గట్టు మీద ఆమె వెంట నడుస్తూ మాట్లాడాల్సి వచ్చింది.

"నారంతా సాగిపోయింది. ఒకసారి వచ్చి చూస్తావా?" అంది యజమానురాలు.

"ఆ ముచ్చట ఇన్న" అందామె, తల ఎత్తకుండా. "నిన్న టీ బండి కాడ ఏన్కూరాయన నన్ను తిట్టిండంట. నేను మానేస్తనే నారు పాడైందంట. పొద్దున ఆటోల అందరు నన్నే అడుగుతున్నరు. ఎందుకు మానేసినవ్, ఎందుకు మానేసినవ్ అని. నేను మానేసిన్నా అమ్మా?"

నేను నోరు తెరిచాను. ఏం చెప్పాలో వెతుక్కునేలోపు ఆమె నాలుగడుగులు వెనక్కి వెళ్ళిపోయింది.

"మడి ఒప్పుకున్న. ఇది అయినంక వస్త. ఆ గింజ జేసిన తప్పేంది?" అంది.

మేం గట్టు మీదే నిలబడ్డాం. మడి పూర్తయ్యాక కాలవలో కాళ్ళు కడుక్కుని, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. ట్రేలు చూసి పెదవి చప్పరించింది. చచ్చినవి వేరు, ఒరిగినవి వేరు అంది. కొత్త ట్రేలలో కొబ్బరిపొట్టు నింపమంది. చీపురు పుల్లలు తెప్పించింది. పుల్లతో గుంటలో సన్నటి రంధ్రం చేయడం, సాగిన మొలకను వేరు తెగకుండా తీసి, ఆకులు మాత్రమే పైకి కనబడేలా కాడంతా లోపలికి దించడం, మెల్లగా అదమడం, ఇదీ పని. ఒక్కో మొలక, ఒక్కో గుంట. అలా ఎన్ని ట్రేలో ఊహించుకోండి.

నేనూ కూర్చున్నాను. మొదటి పది మొలకల్లో ఆరింటిని తుంచేశాను. ఆమె నా చేతిలోంచి పుల్ల తీసుకుని, మొన కాస్త నలిపి మెత్తగా చేసి తిరిగి ఇచ్చింది.

"నువ్వేనా ఫోన్ మేడమ్?" అంది.

"నేనే."

"ఊళ్ళె అనుకుంటరు. అన్ని ఫోన్లనే జూస్తదంట అని."

ఇంక దాచి లాభం లేదు. "నిన్ను తీసెయ్యమని రాసింది నేనే. ఈ అమ్మ కాదు" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. "నన్ను ఎన్నడు సూడలే గదా నువ్వు?"

"ఫోటోలల్ల చూసిన."

"ఫోటోలల్ల నేనేం జేస్తున్న?"

"కూసున్నవ్."

ఆమె పక్కనున్న ఇద్దరితో వాళ్ళ భాషలో ఏదో అంది. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులో కోపం లేకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"అవ్, కూసున్న. కూసోకుంటే చెయ్యి ఎట్ల పెడ్త? నువ్వు పెసర్లు మూటగట్టి మొలకెత్తిస్తవా లేదా? మూటల చెయ్యి పెడితే వెచ్చగ తగుల్తది, ఒక వాసన గొడ్తది. అప్పుడు ఇప్పుతవ్. గిది గూడ గంతే."

"పొద్దుకోసారి వచ్చి చూస్తే సరిపోదా?"

"ముసురుకు సరిపోతది. ఉక్కకు ఎట్ల సరిపోతది? పొద్దున లేని మొలక మాపటికి లేస్తది. లేసినంక నాకేమన్న ఫోన్ జేస్తదా మేడమ్?"

"ఇన్నాళ్ళూ ఎలుకల కోసమనుకున్నానే. విప్పే వేళ మీరంతా కలిసి చూసుకుంటారనుకున్నాను" అంది యజమానురాలు.

"నువ్వు అడగలే, నేను చెప్పలే" అంది ఆమె, మళ్ళీ పనిలోకి వంగుతూ.

రెండు రోజులు పట్టింది. యజమానురాలి ఇంట్లోనే ఉండి, తెల్లారగానే వాళ్ళతో కూర్చున్నాను. రెండో రోజుకు పదింటిలో ఒకటి మాత్రమే తుంచే స్థాయికి ఎదిగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదేగాని, ఆకులైనా పట్టుకున్నాం.

పని ముగిసిన సాయంత్రం రోడ్డు మలుపు దగ్గరికి వెళ్ళి ఏన్కూరు రైతుకు ఫోన్ చేశాను. తప్పు నాదని, ఆమెను మాన్పించింది నేనని చెప్పాను. ఆయన అంతా విన్నాడు.

"అక్కా, నువ్వు ఆళ్ళ దగ్గర పనిజేసేదానివి. ఆళ్ళను కాపాడుకుంటవ్. ఫోన్ల ఎవలైన ఏమన్న అంటరు" అని పెట్టేశాడు.

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. నేను కూడా ఆమె గురించి ఫోన్లోనే కదా అన్నీ చెప్పింది!

ఆ నెలంతా నేను ఖమ్మంలో ఫోటోలు చూస్తూ గడిపాను. దొంతి పక్కన ఆమె మళ్ళీ కూర్చుని కనబడుతోంది. తిరిగి నాటిన మొలకల్లో కొన్ని చచ్చాయి. బతికినవి మొదట కదల్లేదు, తర్వాత నెమ్మదిగా ముదురు రంగు తిరిగాయి. దొంతి విప్పే రోజుల చార్టును లాప్‌టాప్‌లోంచి తీసేశాను. ఆ గడి ఖాళీగా ఉంచితే, ఆమె విప్పించాక యజమానురాలు సందేశం పెట్టేది, అప్పుడు నింపేదాన్ని. ఆఫీసు బుద్ధికి ఖాళీ గడి చూస్తే దురద పుడుతుంది. ఓర్చుకున్నాను.

మొక్కలు తీసుకుపోవడానికి ఏన్కూరు రైతు వచ్చే రోజు తెలుసుకుని మళ్ళీ బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి ఆయన ట్రాలీ ఆటో తెచ్చి ట్రేలు ఎక్కించుకుంటున్నాడు. బక్కపలచటి మనిషి, మెడలో తువ్వాలు. నేను ఖమ్మం నుంచి వచ్చిన ఫోన్ మనిషినని చెప్పుకుని, ఫోన్లో చెప్పిందే మళ్ళీ చెప్పాను. ఈసారి ఆమె కూడా అక్కడే, దొంతుల గది గుమ్మంలో నిలబడి వింటోంది. యజమానురాలు ముందుకొచ్చి "ఆరోజు నేను అబద్ధం చెప్పానండి. ఆమె మానలేదు, మేమే వద్దన్నాం. మీ నారు ఈ మాత్రం బతికిందంటే ఆమె వల్లే" అంది.

ఆయన ట్రేల వైపు చూశాడు. అనుకున్న చేనంతటికీ చాలవు. సగం కంటే కాస్త ఎక్కువకు వస్తాయి. మిగతా భాగంలో ఈ ఏడు ఇంకేదో వేసుకోవాల్సిందే. ఆ నష్టం ఎవరం తీర్చలేం. కాసేపు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, నిన్ను తిట్టిన" అన్నాడు.

"అవ్, ఇన్న."

"తప్పైంది."

ఆమె ఆయన్ని కింది నుంచి పై దాకా చూసింది. "ఇక్కడ చెప్తే ఎవలింటరు? నన్ను తిట్టింది టీ బండి కాడ. అక్కడ చెప్పు" అంది. నా వైపు తిరిగి "నువ్వు గూడ రా మేడమ్" అంది.

ట్రాలీలో ట్రేల పక్కన ఆమె ఎక్కింది. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు. ములకలపల్లి సెంటరులో టీ బండి దగ్గర ఆపారు. నాట్ల నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఆటో కోసం ఎదురుచూస్తున్నారు. టీ తాగేవాళ్ళు ఏడెనిమిది మంది ఉన్నారు. రైతు దిగి, గొంతు సవరించుకుని, "మొన్న నేను ఈమెను ఉత్తగ తిట్టిన. ఈమె మానేయలే. నారు పాడు జేసింది ఈమె గాదు, బతికిచ్చింది ఈమె" అన్నాడు. అందరూ తిరిగి చూశారు. తర్వాత నా వంతు.

ముప్ఫై ఏళ్ళ పైచిలుకు సర్వీసులో నేను ఎంతోమందికి మెమోలు రాశాను. సంజాయిషీ ఇమ్మని ఆఫీసర్ల తరఫున ఎన్ని కాగితాలు టైపు చేశానో లెక్కలేదు. నా సంజాయిషీ మాత్రం టీ గ్లాసుల చప్పుడు మధ్య, నోటితో, నిలబడి ఇచ్చాను. "ఈమెను తీసెయ్యమన్నది నేను. ఏం పని చేస్తదో అడగకుండ, చూడకుండ రాసిన. తప్పు నాది" అన్నాను. టీ బండి ఆయన పాలు పొంగుతున్నా చూసుకోకుండా వింటున్నాడు. నాట్లేసిన ఆడవాళ్ళలో ఒకామె "గట్లనా" అంది. 

రైతు ఆమెకు టీ ఇప్పించాడు. ఆమె బెంచీ మీద కూర్చుని, మా ఎవరి వైపూ చూడకుండా, ఊదుకుంటూ నింపాదిగా తాగింది. గ్లాసు ఖాళీ చేసి బండి మీద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని లేచింది.

"ఇగ పోదాం పా మేడమ్. దొంతి కాడ ఎవలు లేరు" అంది.